డెంగ్ జియావోపింగ్

డెంగ్ జియావోపింగ్ (ఆగష్టు 22, 1904 - ఫిబ్రవరి 19, 1997) చైనా కమ్యూనిస్టు నాయకుడు. దేశాధ్యక్ష పదవి గానీ, ప్రధానమంత్రి పదవి గానీ ఏనాడూ చేపట్టకపోయినా, 1978 నుండి చాలాకాలం చైనా గమనాన్ని నిర్దేశించాడు. విదేశీ పెట్టుబడుల కొరకు ప్రత్యేక ఆర్థిక మండలాలను నెలకొల్పిన సంస్కర్తగా ప్రసిద్ధుడు.

తొలి జీవితము

సిచువాన్ రాష్ట్రంలోని గ్వాంగాన్ ప్రాంతంలో భూస్వామి కుటుంబంలో జన్మించాడు. 1920లో ఫ్రాన్సుకు వెళ్ళి, కర్మాగారాలలో కూలిపని చేస్తూ కమ్యూనిస్టు అయ్యాడు. 1934-35 నాటి లాంగ్ మార్చ్‌లో పాల్గొన్నాడు. సాంస్కృతిక విప్లవకాలంలో పదవులు కోల్పోయి, జియాంగ్సీ రాష్ట్రంలో ట్రాక్టరు మరమ్మతు కర్మాగారంలో పనిచేయవలసి వచ్చింది. 1973లో తిరిగి వచ్చినా, 1976లో మరల తొలగింపబడ్డాడు. మావో మరణానంతరం 1977లో పదవులు తిరిగి పొందాడు.

ప్రత్యేక ఆర్థిక మండలాలు

ఆ కాలంలో గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రం నుండి వేలాదిమంది పేదరికం భరించలేక, ప్రాణాలకు తెగించి బ్రిటిషు పాలనలోని హాంకాంగ్‌కు పారిపోయేవారు. దీనికి మూలం కాపలా లోపం కాదనీ, ప్రభుత్వ విధానాల లోపమనీ డెంగ్ గ్రహించాడు. 1979లో ఆ రాష్ట్ర నాయకులు విదేశీ వ్యాపారంలో స్వేచ్ఛ కోరగా సమర్థించాడు. ఫలితంగా 1980లో షెన్‌జెన్, జుహాయ్, షాంటౌ, షియామెన్‌లలో మండలాలు ఏర్పడ్డాయి.

ఇటువంటి ఏర్పాటు అంతకుముందే ఐర్లండులోని షానన్‌లో (1959), భారతదేశంలోని కాండ్లాలో (1965) ఉన్నది. అయితే షెన్‌జెన్ మండల విస్తీర్ణం అప్పట్లో 327.5 చదరపు కిలోమీటర్లు ఉండేది. లాభాలపై పన్ను అప్పట్లో 15 శాతం మాత్రమే ఉండేది. దిగుమతి చేసుకొనే యంత్రాలకు, ముడిసరుకుకు సుంకం ఉండేది కాదు. మండలానికీ మిగిలిన చైనాకూ నడుమ కంచె నిర్మించారు. ప్రయోగం విఫలమైతే నష్టం ఆ హద్దులలోనే ఉంటుంది. ఫలిస్తే దేశమంతటికీ విస్తరింపవచ్చును.

పరాయి దేశాలకు భూమిని ధారపోస్తున్నారని పార్టీలోనే కొందరు ఆక్షేపించారు. డెంగ్ 1984లో మండలాలను స్వయంగా చూసి వచ్చిన పిమ్మట మరో 14 తీర నగరాలు విదేశీ పెట్టుబడులకు తెరువబడ్డాయి. 1989 తరువాత సంస్కరణలు మందగించగా, 1992లో 87 ఏళ్ళ వయసులో దక్షిణ చైనాలో పర్యటించి వాటికి తిరిగి ఊపిరి పోశాడు.

విమర్శలు

ఆర్థికరంగాన్ని తెరిచినా రాజకీయ స్వేచ్ఛకు డెంగ్ అంగీకరించలేదు. 1989లో తియానన్మెన్ కూడలి వద్ద ఉద్యమకారులపై జరిగిన సైనికచర్య అతని కీర్తికి మాయని మచ్చ. మండలాలకు వలస వచ్చిన గ్రామీణ కార్మికులకు నగరవాసుల హక్కులు దక్కలేదు. 1993లో షెన్‌జెన్ నగర పరిధిలోని ఒక బొమ్మల కర్మాగారంలో మంటలు చెలరేగి 80 మందికి పైగా మరణించారు. వారిలో అత్యధికులు వలస వచ్చిన యువతులు.

మరణము

1997 ఫిబ్రవరి 19న బీజింగ్‌లో మరణించాడు. హాంకాంగ్ చైనాకు తిరిగి దక్కిన జూలై 1వ తేదీని చూడలేకపోయాడు. అతని చితాభస్మాన్ని సముద్రంలో కలిపారు. 2000లో షెన్‌జెన్‌లోని లియన్‌హువా కొండపై అతని కాంస్య విగ్రహాన్ని ప్రతిష్ఠించారు.