యల్లాప్రగడ సుబ్బారావుగారు

మానవదేహములో కాలేయమును మించిన కర్మాగారము వేరొకటి లేదు. అన్నసారమును నిలువచేయునది, పైత్యరసమును పుట్టించి కొవ్వు జీర్ణమగుటకు తోడ్పడునది అదియే. రక్తములోని కొవ్వును విడదీయు ఎంజైము ఒకటి దాని కణములలో పుట్టి, అందలి సన్నని రక్తనాళికల గోడల నంటియుండునని శాస్త్రజ్ఞులు తెలిసికొనియున్నారు. అట్టి అవయవములో దాగియున్న ఔషధమును వెదకుటకై పెక్కేండ్లు ధారపోసిన తెలుగువారు యల్లాప్రగడ సుబ్బారావుగారు.

వారు 1895 జనవరి 12వ తేదీన భీమవరములో జన్మించిరి. ఇల్లు పేదది. పదుమూడవ యేట కాశీయాత్రికులకు అరటిపండ్లమ్మి ధనమార్జింపవలెనని ఇల్లు విడిచి బయలుదేరగా, పెద్దలు వెనుకకు తెచ్చిరి. తల్లి వెంకమ్మగారు పట్టు విడువక చదివించిరి. మెట్రిక్యులేషను మూడవసారికిగాని గట్టెక్కలేదు. తరువాత మద్రాసు వైద్యకళాశాలలో చేరిరి. గాంధీమహాత్ముని పిలుపు విని శస్త్రచికిత్సా తరగతికి ఖద్దరు ధరించి పోగా, ఆచార్యునకు ఆగ్రహము కలిగెను. వారికి ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు తక్కువదియగు ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కెను.

ఇంతలో ఇంట పిడుగు పడెను. 1921లో కొద్దిదినముల వ్యవధిలో అన్నయు తమ్ముడును సంగ్రహణి వ్యాధికి బలియైరి. ఆంగ్లవైద్యులు స్ప్రూ అని పిలుచు ఈ వ్యాధిలో ప్రేవులు ఆహారసారమును గ్రహింపజాలవు. తిన్న కొవ్వు విరేచనములలో పోవును, రక్తము క్షీణించును, మనిషి కృశించిపోవును. సుబ్బారావుగారికిని ఆ వ్యాధియే సోకగా, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేదచికిత్సచే బ్రదికిరి. తోబుట్టువులను బలిగొన్న వ్యాధికి మందు కనుగొనవలెనను సంకల్పము ఆనాడు నాటుకొనెను.

మామగారి సాయముతో అమెరికాకు పోయి హార్వర్డులో చేరిరి. పొట్టకూటికై రాత్రులు ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలు కడిగిరి. ఫిస్కే అను ఆచార్యునితో కలిసి రక్తమూత్రములలోని భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. కండరములకు శక్తినిచ్చు ఫాస్ఫోక్రియాటిను, ఏ.టి.పి. అను పదార్థములను గుర్తించిరి. ఇంత చేసినను హార్వర్డులో స్థిరమైన ఆచార్యపదవి లభింపలేదు.

ఆ కాలమున పాండురోగములలో ఘోరమైన యొకదానికి పచ్చికాలేయమే పథ్యముగా పెట్టుచుండిరి. 1926లో మైనాటు, మర్ఫీ అను వైద్యులు దాని గుణమును నిరూపించిరి. కాని అందలి మందు ఏదియో తెలియదు. సుబ్బారావుగారు కాలేయసారమును వడగట్టి, విడదీసి, దానిని వెదకసాగిరి. 1940లో లెడర్లీ ఔషధసంస్థలో చేరి పరిశోధకబృందమునకు నాయకులైరి. వెదకినది ఒకటి, లభించినది వేరొకటి. ఆ పాండురోగమునకు తగిన బి12 విటమినును 1948లో ఇతరులు వేరుచేసిరి. సుబ్బారావుగారి బృందమునకు కాలేయమునుండి లభించినది ఫోలిక్ ఆమ్లము. 1941లో పాలకూర ఆకులనుండి దీనిని తీసిన శాస్త్రజ్ఞులు ఆకు అను అర్థముగల లాటిను మాటనుబట్టి ఆ పేరు పెట్టియుండిరి. లెడర్లీలో దానిని కృత్రిమముగా తయారుచేయగా, 1945 మొదలు వైద్యులు స్ప్రూ రోగులకిచ్చి గుణము కనుగొనిరి. అన్నదమ్ములను కాపాడజాలని చేయి ఇరువదినాలుగేండ్లకు ఇతరుల అన్నదమ్ములను కాపాడెను.

ఆ ఆమ్లమును పోలి, దాని పనిని అడ్డగించు మందులును అచటనే పుట్టినవి. 1948లో ఫార్బరు అను వైద్యుడు వానిలో నొకదానితో రక్తపుక్యాన్సరుగల బాలురకు తాత్కాలికోపశమనము కలిగించెను. బోదకాలు వ్యాధికి వాడు హెట్రజాను, ఆరియోమైసిను కూడ వారి నాయకత్వమున వెలువడినవే.

1948 ఆగస్టులో నిద్రలోనే వారి గుండె ఆగిపోయెను. మాతృదేశమును మరల చూడలేదు. వారి శతజయంతి వత్సరమగు 1995లో భారతప్రభుత్వము తపాలాబిళ్ల వెలువరించెను.

హైదరాబాదు పాతబస్తీలోని పేట్లబురుజు ప్రసూతి ఆసుపత్రి మొదలు పల్లెలోని ఆరోగ్యకేంద్రము వరకు గర్భిణులకు ఇనుముతో కలిపి ఇచ్చు చిన్నమాత్రలో ఉన్నది ఆ ఫోలిక్ ఆమ్లమే. దానిని మ్రింగు తల్లులలో పెక్కుమందికి ఆ పేరు తెలియదు. మెట్రిక్యులేషను తప్పిన బాలుడొకడు ఆ మాత్రవెనుక ఉన్నాడని తెలిసికొన్న ఇంట, పరీక్ష తప్పిన పిల్లవాని పుస్తకములు అటకెక్కవు.