డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు: పెరుగుదలకు పగ్గం వేసిన తెలుగువాడు



గర్భిణులకు ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే ఫోలిక్ ఆమ్లం మాత్రను మీరు చూసే ఉంటారు. బోదకాలు రాకుండా ఇంటింటికీ పంచిన డి.ఇ.సి. మాత్రలూ మీకు గుర్తుండే ఉంటాయి. కాన్సర్ రోగి ఉన్న ఇంట మెథోట్రెక్సేట్ పేరు వినే ఉంటారు. ఈ మూడింటి వెనుకా ఒక తెలుగువాని శ్రమ ఉంది.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో, పేద కుటుంబంలో జన్మించారు. చదువు అబ్బలేదు. ఇల్లు విడిచి కాశీకి బయలుదేరితే తల్లి వెంకమ్మ గారు వెనక్కు తెచ్చారు. మెట్రిక్యులేషన్ మూడవసారికి గాని గట్టెక్కలేదు. సన్యాసం పుచ్చుకోదలచినా తల్లి ఒప్పుకోలేదు. మద్రాసులో వైద్యం చదివారు. అక్కడ ఖద్దరు ధరించినందుకు ఆచార్యుల ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు ఎల్.ఎం.ఎస్. మాత్రమే పొందారు.

ఆ కాలంలోనే ఆయన సోదరులిద్దరు కొద్ది రోజుల తేడాతో స్ప్రూ అనే జబ్బుతో మరణించారు. తిన్నది ఒంటికి పట్టక, రక్తం క్షీణించే వ్యాధి అది. వైద్యం చదివిన చేతులు వారిని కాపాడలేకపోయాయి. ఆ గాయమే ఆయనను 1923లో అమెరికాకు నడిపించింది. భార్య శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు. ఆయన మళ్ళీ స్వదేశం చూడలేదు.

బోస్టన్‌లో పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలు కడిగారు. హార్వర్డ్‌లో ఫిస్క్ గారితో కలిసి శరీరంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. స్థిరమైన పదవి మాత్రం దక్కలేదు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను బలిగొన్న స్ప్రూకు అది మందయింది!

ఇక్కడే కథ మలుపు తిరిగింది. రక్తకాన్సర్ సోకిన పిల్లలకు ఫోలిక్ ఆమ్లం వంటివి ఇస్తే వ్యాధి ఇంకా పెరుగుతున్నట్టు బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ గమనించారు. అయితే దానికి విరుద్ధమైనది ఇస్తే? సుబ్బారావు గారి బృందం అమినోప్టెరిన్‌ను, మెథోట్రెక్సేట్‌ను తయారుచేసింది. 1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలు ప్రకటించారు. 16 మంది పిల్లలలో 10 మందికి వ్యాధి కొంతకాలం వెనుకంజ వేసింది. కొంతకాలమే, అయినా అంతకుముందు ఆ మాత్రం కూడా లేదు.

ఈ మందు పనిచేసే తీరు సిరిసిల్ల సాంచెలు ఎరిగిన మనకు సులభంగా అర్థమవుతుంది. కణం ఎప్పుడు విభజన చెందాలో, ఎప్పుడు ఆగాలో దానిలోని జన్యువులు నిర్ణయిస్తాయి. ఆ అదుపు తప్పడమే కాన్సర్. ఆపినా ఆగని సాంచె అది. అచ్చం దారంలాగే కనిపించి నేతకు పనికిరాని పోగును దానికి అందిస్తే నేత నిలిచిపోతుంది. మెథోట్రెక్సేట్ చేసేది అదే. ఫోలిక్ ఆమ్లంలా నటించి, కొత్త డి.ఎన్.ఏ. తయారు కాకుండా అడ్డుకుంటుంది. త్వరగా పెరిగే మంచి కణాలకూ దెబ్బ తగులుతుంది; నోటిపూత, జుట్టు రాలడం అందుకే. 1956లో అమెరికాలో కోరియోకార్సినోమా అనే కాన్సర్ ఈ మందుతోనే నయమైంది. చెడిన జన్యువు పంపే తప్పుడు ఆజ్ఞనే అడ్డుకునే ఇమాటినిబ్ వంటి మందులు 2001 నుండి వచ్చాయి.

ఇదంతా చూడడానికి ఆయన లేరు. 1948 ఆగస్టులో, 53 ఏళ్ళ వయసులో, న్యూయార్క్‌లో నిద్రలోనే కన్నుమూశారు. అమెరికా పౌరసత్వం తీసుకోలేదు. పేరు కోసం పాకులాడలేదు. మరణించిన 47 ఏళ్ళకు, 1995లో, భారత ప్రభుత్వం ఆయన పేర తపాలా బిళ్ళ విడుదల చేసింది.

పాఠకులారా, కాన్సర్ అనగానే శాపమనీ, పాపఫలమనీ దాచిపెట్టే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. దాచినకొద్దీ అది పెరుగుతుంది. కొడుకులను పోగొట్టుకున్న ఒక తల్లి మరో కొడుకును సముద్రాలు దాటనిచ్చింది. ఆ త్యాగఫలం మన ఊరి మందుల దుకాణం దాకా వచ్చింది. గడ్డ కనబడితే, ఆగని రక్తస్రావం ఉంటే, సిగ్గుపడి ఇంట్లో కూర్చోకండి. నేడే వైద్యుని వద్దకు వెళ్ళండి.