డాక్టర్ వులిమిరి రామలింగస్వామి

1921లో శ్రీకాకుళంలో పుట్టిన ఈ వైద్యుని పేరు మీరు విన్నారా? విశాఖపట్నంలోని ఆంధ్ర వైద్య కళాశాలలో చదివారు. ఆక్స్‌ఫర్డ్‌లో పరిశోధన చేశారు. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు పదేళ్ళు డైరెక్టరుగా ఉన్నారు. పదవుల జాబితా పెద్దదే కాని, మనకు ముఖ్యమైనది ఆయనను జీవితమంతా వదలని ప్రశ్న: పేద ఇళ్ళలో పసిపిల్లలు ఎందుకు ఎదగడం లేదు?

నీలగిరి కొండల్లోని కూనూరులో అప్పట్లో పోషకాహార పరిశోధనశాల ఉండేది. అదే తరువాత హైదరాబాదుకు వచ్చి జాతీయ పోషకాహార సంస్థ అయింది. అక్కడ ఆయన, చాలినంత ఆహారం అందని శరీరం లోపల, ముఖ్యంగా కాలేయంలో, ఏ మార్పులు వస్తాయో పరిశీలించారు.

1956లో కాంగ్రా లోయకు వెళ్ళారు. హిమాలయాల దిగువన ఉన్న ఆ లోయలో ఎందరికో గొంతు వాచి ఉండేది. దీనినే గాయిటర్ అంటారు. నేలలో, నీటిలో అయోడిన్ తక్కువ కావడమే దీనికి కారణం. గర్భిణికి అయోడిన్ బాగా తగ్గితే పుట్టే బిడ్డ తెలివి, ఎదుగుదల కుంటుపడతాయి. ఆయన బృందం కొన్ని ప్రాంతాలకు అయోడిన్ కలిపిన ఉప్పును, ఒక ప్రాంతానికి మామూలు ఉప్పును సరఫరా చేయించింది. అయిదేళ్ళు గడిచేసరికి అయోడిన్ ఉప్పు తిన్నచోట వ్యాధి బాగా తగ్గింది. 1962లో ప్రభుత్వం జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం ప్రారంభించింది. మీ వంటింట్లోని ఉప్పు పాకెట్టు మీద అయోడిన్ అన్న మాట ఉందేమో చూడండి.

అయితే అన్ని లోపాలూ ఉప్పుతో తీరేవి కావు. 1996లో యూనిసెఫ్ ప్రచురణలో ఆయన, మరో ఇద్దరు నిపుణులు ఒక చిక్కుముడిని ముందుపెట్టారు. ప్రపంచంలో పోషణ లోపించిన పిల్లల్లో సగంమంది అప్పట్లో భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్‌లలోనే ఉన్నారు. ఆఫ్రికాలోనూ పేదరికం ఉంది కదా, మరి ఇక్కడే ఎందుకింత ఎక్కువ?

తిండి కొరత ఒక్కటే కారణం కాదని వారు తేల్చారు. బలహీనపడిన బిడ్డకు ఆహారం, మందులు ఇచ్చి కోలుకునేట్టు చేయవచ్చు. కాని ఇంటి చుట్టూ మురికి ఉంటే మళ్ళీ విరేచనాలు పట్టుకుంటాయి, తిన్నది ఒంటబట్టదు. ఆరు నెలలు దాటాక తల్లిపాలతోపాటు మెత్తని ఆహారం పెట్టకపోయినా బిడ్డ చిక్కిపోతుంది. అన్నిటికన్నా లోతైన కారణం తల్లి స్థితి. ఆఫ్రికాలో ఎక్కువమంది గర్భిణులు పది కిలోల దాకా బరువు పెరుగుతుంటే, దక్షిణాసియాలో ఎక్కువమంది పెరిగేది అయిదు కిలోలకు కాస్త పైన. అందరూ తిన్నాక మిగిలింది తినే తల్లికి పుట్టిన బిడ్డ, పుట్టుకతోనే తక్కువ బరువుతో ఉంటుంది.

ఈ వ్యాసం వెలువడిన అయిదేళ్ళకు, 2001లో, రామలింగస్వామి మరణించారు. దక్షిణాసియా పిల్లల పోషణ గురించి రాసేవారు ఇప్పటికీ ఆ వ్యాసాన్ని ప్రస్తావిస్తుంటారు.