బొగ్గు గుట్టు విప్పిన రసాయన శాస్త్రవేత్త రోజలిండ్ ఫ్రాంక్లిన్

రోజలిండ్ ఫ్రాంక్లిన్ పేరు చెప్పగానే చదువుకున్నవారందరికీ డి.ఎన్.ఎ. జ్ఞాపకం వస్తుంది. పాఠ్యపుస్తకాల్లో ఆమెకు దక్కిన నాలుగు వాక్యాలూ ఆ అంశానికే పరిమితం. అయితే ఆమె శాస్త్ర జీవితం మొదలైంది జీవకణంతో కాదు, నేలబొగ్గుతో. ఇంధన పరిశ్రమ కోసం పనిచేసిన ఒక సంస్థలో ఆమె తొలి ఉద్యోగం చేశారు. డాక్టరేటు బొగ్గు మీదే సంపాదించారు. కార్బన్ శాస్త్రంలో నేటికీ వాడుతున్న ఒక ముఖ్యమైన వర్గీకరణ ఆమె చేసినదే. డి.ఎన్.ఎ. పరిశోధనకు ఆమె వెచ్చించిన కాలం రెండేళ్లకు కాస్త ఎక్కువ. బొగ్గు, కార్బన్‌ల పరిశోధనతో ఆమె అనుబంధం మాత్రం పద్నాలుగేళ్ల పాటు సాగింది.

రోజలిండ్ 1920 జూలై 25న లండన్‌లోని నాటింగ్ హిల్ ప్రాంతంలో సంపన్న యూదు కుటుంబంలో జన్మించారు. తండ్రి ఎల్లిస్ ఫ్రాంక్లిన్ బ్యాంకు వ్యాపారి. శ్రామికుల కోసం నడిచే సాయంకాలపు కళాశాలలో పాఠాలు కూడా చెప్పేవారు. తల్లి పేరు మ్యూరియల్. ఐదుగురు సంతానంలో రోజలిండ్ రెండవవారు. బాలికలకు భౌతిక, రసాయన శాస్త్రాలు శ్రద్ధగా బోధించే పాఠశాలలు ఆ రోజుల్లో అరుదు. అటువంటి వాటిలో ఒకటైన సెయింట్ పాల్స్ బాలికల పాఠశాలలో ఆమె చదువుకున్నారు. 1938లో కేంబ్రిడ్జిలోని న్యూన్‌హామ్ మహిళా కళాశాలలో చేరి 1941లో చదువు పూర్తి చేశారు. పరీక్షలు పురుషులతో సమానంగా రాసినా, మహిళలకు సంపూర్ణ హోదాతో కూడిన పట్టాను కేంబ్రిడ్జి 1948 వరకు ఇవ్వలేదు.

అనంతరం రొనాల్డ్ నారిష్ అనే రసాయన శాస్త్రవేత్త వద్ద పరిశోధక విద్యార్థిగా ఏడాది పాటు పనిచేశారు. 1967లో నోబెల్ బహుమతి అందుకున్నది ఈయనే. గురుశిష్యులకు పొసగలేదు. రెండవ ప్రపంచయుద్ధం ముమ్మరంగా సాగుతున్న కాలమది. శాస్త్రం చదివిన యువతులు దేశ అవసరాలకు పనికివచ్చే ఉద్యోగాల్లో చేరవలసి వచ్చింది. ఆ విధంగా 1942లో ఆమె బ్రిటిష్ కోల్ యుటిలైజేషన్ రీసెర్చ్ అసోసియేషన్‌లో సహాయ పరిశోధనాధికారిగా చేరారు. బొగ్గును మరింత మెరుగ్గా వినియోగించుకునే మార్గాలు వెదకడం ఆ సంస్థ పని. ప్రయోగశాల లండన్ శివార్లలోని కింగ్‌స్టన్ సమీపంలో ఉండేది. ఆమె సైకిల్‌పై వెళ్లి వచ్చేవారు. రాత్రివేళ బాంబు దాడుల సమయంలో స్వచ్ఛంద వార్డెనుగా వీధుల్లో కాపలా కాసేవారు.

అక్కడ ఆమెకు అప్పగించిన ప్రశ్న పైకి చాలా మామూలుగా కనిపిస్తుంది. బొగ్గులో కొన్ని రకాలు ద్రవాలను, వాయువులను ఎందుకు పీల్చుకుంటాయి, మరికొన్ని ఎందుకు పీల్చుకోవు? కొత్తగూడెం, గోదావరిఖని వంటి గనుల ప్రాంతాలవారికి బొగ్గు పొరల్లో వాయువు దాగి ఉంటుందన్న సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఆ వాయువు నిలిచేది కంటికి కనిపించని రంధ్రాలలోనే. ఆ రంధ్రాలు ఎంత వెడల్పు ఉన్నాయో కొలవడం మాత్రం నాటి సూక్ష్మదర్శినులకు సాధ్యం కాలేదు.

రోజలిండ్ అనుసరించిన పద్ధతి సులభమైనది, కానీ ఎంతో ఓర్పు కోరేది. బొగ్గు ముక్క సాంద్రతను ఆమె ఒకే ద్రవంతో కాక అనేక పదార్థాలతో కొలిచారు. హీలియం పరమాణువు అత్యంత చిన్నది గనుక సన్నని సందులలోకి సైతం చొరబడుతుంది. దానితో కొలిచినప్పుడు బొగ్గు అసలు సాంద్రతకు దగ్గరి విలువ లభిస్తుంది. మిథనాల్, హెక్సేన్, బెంజీన్ వంటి వాటి అణువులు పెద్దవి. అవి లోనికి వెళ్లలేని రంధ్రాలు కూడా బొగ్గు ఘనపరిమాణంలోనే లెక్కకు వస్తాయి గనుక సాంద్రత తక్కువగా కనిపిస్తుంది. ఈ తేడాలను పోల్చి చూస్తే ఏ వెడల్పు గల సందులు ఎంత మేరకు ఉన్నాయో తెలిసిపోతుంది. వేర్వేరు రకాల బొగ్గులను, వాటిని గాలి తగలకుండా వేర్వేరు ఉష్ణోగ్రతల వద్ద కాల్చిన నమూనాలను ఆమె ఇలా వరుసగా పరీక్షించారు.

బొగ్గులోని రంధ్రాలకు అక్కడక్కడా అణువుల పరిమాణంలోని ఇరుకు ద్వారాలు ఉన్నాయని తేలింది. ఆ ద్వారాలు పిండిని జల్లించే జల్లెడ వలె పనిచేస్తాయి. చిన్న అణువులను పోనిచ్చి పెద్ద వాటిని ఆపుతాయి. కాల్చే వేడి పెరిగే కొద్దీ అవి మరింత ఇరుకవుతాయి. బొగ్గు ఏ రకానిదో తెలిస్తే అది ఎలా ప్రవర్తిస్తుందో ముందుగానే అంచనా వేయడానికి ఈ ఫలితాలు ఉపకరించాయి. విషవాయువుల నుంచి కాపాడే ముసుగులలో కర్ర బొగ్గు వాడే ఆ యుద్ధకాలంలో ఇటువంటి పరిజ్ఞానానికి విలువ ఎంతో చెప్పనవసరం లేదు. 1945లో ఈ కృషికే కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం ఆమెకు డాక్టరేటు ప్రదానం చేసింది. అప్పటికి ఆమె వయసు పాతికేళ్లు. ఆ సంస్థలో చేసిన పని నుంచి ఐదు పరిశోధన పత్రాలు వెలువడ్డాయి.

యుద్ధం ముగిశాక 1947లో ఆమె పారిస్‌లోని ఒక ప్రభుత్వ రసాయన ప్రయోగశాలలో చేరారు. అక్కడ జాక్ మెరింగ్ వద్ద ఎక్స్ కిరణాలతో పదార్థాల అంతర్నిర్మాణాన్ని తెలుసుకునే విద్య నేర్చుకున్నారు. ఆ విద్యను వెంటనే తనకు తెలిసిన బొగ్గు మీదే ప్రయోగించారు. పారిస్‌లో గడిపిన నాలుగేళ్లు ఆమె జీవితంలో అత్యంత సంతోషకరమైనవని జీవిత చరిత్రకారులు అంగీకరిస్తారు. ఫ్రెంచి ధారాళంగా మాట్లాడేవారు. సెలవుల్లో ఆల్ప్స్ పర్వతాలెక్కేవారు. మధ్యాహ్న భోజనానంతరం సహోద్యోగులంతా ప్రయోగశాల గాజు పాత్రల్లోనే కాఫీ కాచుకుని తాగుతూ వాదోపవాదాలు సాగించేవారు.

కార్బన్‌ను ఎంత వేడి చేస్తే అంత గ్రాఫైట్‌గా మారుతుందని అప్పట్లో చాలామంది భావించేవారు. కార్బన్లు అన్నీ ఒకటి కావని రోజలిండ్ నిరూపించారు. కోక్ బొగ్గు, తారు నుంచి వచ్చిన కోక్ వంటివి వేడికి మెత్తబడి, పొరలు సర్దుకుని గ్రాఫైట్‌గా మారతాయి. చక్కెరను మాడ్చగా వచ్చిన బొగ్గు వంటివి 3000 డిగ్రీల వద్ద కూడా మారవు. వాటిలోని సూక్ష్మ స్ఫటికాలు ఒకదానికొకటి గట్టిగా ముడివడి కదలకుండా ఉండిపోతాయి. అందుకే అవి కఠినంగా, రంధ్రాలతో నిండి ఉంటాయి. ఈ వివరాలతో 1951లో రాయల్ సొసైటీ పత్రికలో ప్రచురించిన వ్యాసాన్ని కార్బన్ పరిశోధకులు నేటికీ ఉదహరిస్తున్నారు. ఇప్పటి లిథియం బ్యాటరీలలో గ్రాఫైట్‌ను, సోడియం బ్యాటరీలలో కఠిన కార్బన్‌ను వాడుతున్నారు. ఈ రెంటి మధ్య గీత గీసింది ఆమే.

1951 జనవరిలో ఆమె లండన్‌లోని కింగ్స్ కళాశాలకు వచ్చారు. తరువాతి కథ జగమెరిగినదే. పని విభజన విషయంలో అధికారులు స్పష్టత ఇవ్వకపోవడంతో మారిస్ విల్కిన్స్‌తో మొదటి నుంచే పొరపొచ్చాలు వచ్చాయి. తేమ హెచ్చుతగ్గులను బట్టి డి.ఎన్.ఎ. పోగు రెండు రూపాల్లో ఉంటుందని ఆమె వేరు చేసి చూపారు. సన్నని పదార్థాలలోకి తేమ, వాయువులు చొరబడే తీరును ఏళ్ల తరబడి కొలిచిన అనుభవం ఇక్కడ ఉపకరించి ఉంటుందనుకోవడం అతిశయోక్తి కాదు. 1952 మేలో రేమండ్ గోస్లింగ్‌తో కలిసి తీసిన 51వ నంబరు ఛాయాచిత్రాన్ని 1953 జనవరిలో ఆమెకు తెలియకుండానే జేమ్స్ వాట్సన్‌కు చూపించారు. ఆమె కొలతలున్న ఒక నివేదిక కూడా వాట్సన్, ఫ్రాన్సిస్ క్రిక్‌లకు చేరింది. 1953 ఏప్రిల్ 25న నేచర్ పత్రికలో వారి నమూనా వెలువడినప్పుడు రోజలిండ్, గోస్లింగ్‌ల వ్యాసం అదే సంచికలో మూడవదిగా అచ్చయింది. దానివల్ల అది వారి నమూనాకు బలం చేకూర్చే అనుబంధంగా మాత్రమే లోకానికి కనిపించింది.

అప్పటికే ఆమె జె.డి. బెర్నాల్ నాయకత్వంలోని బర్క్‌బెక్ కళాశాలకు మారిపోయారు. మన పొగాకు రైతులకు సుపరిచితమైన మొజాయిక్ తెగులుకు కారణమయ్యే వైరస్ నిర్మాణాన్ని అక్కడ అధ్యయనం చేశారు. అయినా బొగ్గును విడిచిపెట్టలేదు. 1954లో అమెరికాకు తొలిసారి వెళ్లినప్పుడు న్యూ హాంప్‌షైర్‌లో బొగ్గుపై జరిగిన శాస్త్ర సదస్సులో పాల్గొన్నారు. 1956లో సైతం కార్బన్ గ్రాఫైట్‌గా మారే తీరుపై వ్యాసం ప్రచురించారు.

అదే ఏడాది రెండవసారి అమెరికాలో పర్యటిస్తుండగా ఆమెకు అస్వస్థత కలిగింది. అండాశయ క్యాన్సర్ అని తేలింది. శస్త్రచికిత్సల మధ్యనే పనిచేస్తూ పోలియో వైరస్‌పై పరిశోధన ప్రారంభించారు. 1958 ఏప్రిల్ 16న లండన్‌లో 37 ఏళ్ల వయసులో కన్నుమూశారు. వీలునామాలో సహచర శాస్త్రవేత్త ఆరన్ క్లగ్‌కు 3000 పౌండ్లు రాసిపెట్టారు. 1962లో వాట్సన్, క్రిక్, విల్కిన్స్‌లకు నోబెల్ లభించింది. ఆమె ప్రారంభించిన మార్గంలోనే ముందుకు సాగిన క్లగ్ 1982లో రసాయన శాస్త్ర నోబెల్ అందుకున్నారు.

లండన్‌లోని విల్స్‌డెన్ యూదు శ్మశానవాటికలో ఆమె సమాధి ఉంది. దానిపై ఆమెను శాస్త్రవేత్తగా పేర్కొని, వైరస్‌లపై చేసిన కృషిని స్మరించారు. డి.ఎన్.ఎ. ప్రస్తావన ఆ రాతిపై లేదు. బొగ్గు ప్రస్తావన కూడా లేదు.