దీనబంధు ఆండ్రూస్

అబ్రాహాము తన స్వజనమును విడిచి, తానెక్కడికి పోవుచున్నాడో ఎరుగక బయలుదేరిన దినమున ఇరుగుపొరుగువారు ఏమనుకొనిరో లేఖనము మనకు తెలుపలేదు. బుద్ధిమంతులని పేరుపడినవారు నవ్వియే యుందురు. అట్టి నవ్వును, అట్టి అనుమానమును దీర్ఘకాలము భరించిన దైవజనుడొకడు మన దేశ రాజధానియగు ఢిల్లీలో పది సంవత్సరములు నివసించెను. ఆయనయే చార్లెస్ ఫ్రియర్ ఆండ్రూస్. దక్షిణ ఢిల్లీలోని ఆండ్రూస్ గంజ్ అను పేట నేటికిని ఆయన పేరు మోయుచున్నది.

ఆండ్రూస్ 1871 ఫిబ్రవరి 12వ తేదీన ఇంగ్లాండులోని న్యూకాసిల్ పట్టణమున జన్మించెను. ఆయన తండ్రి ఒక చిన్న క్రైస్తవ శాఖలో బోధకుడు. నమ్మిన స్నేహితుడొకడు మోసము చేయగా ఆ కుటుంబము ఆస్తిని పోగొట్టుకొని పేదరికమును అనుభవించెను. కుమారుడు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున పెంబ్రోక్ కళాశాలలో చదివి, ఆంగ్లికన్ సంఘములో గురువుగా అభిషేకము పొంది, లండనులోని వాల్వర్త్ అను పేదవాడలో పరిచర్య చేసెను. ఆయన ప్రాణస్నేహితుడగు బాసిల్ వెస్ట్‌కాట్ భారతదేశమునకు మిషనరీగా వచ్చి 1900లో కలరా వ్యాధితో మరణించెను. ఆ స్నేహితుని స్థానమున తాను నిలువవలెనను కోరిక ఆండ్రూస్ హృదయమున నాటుకొనెను.

1904 మార్చి 20వ తేదీన ఆయన కేంబ్రిడ్జి మిషను పక్షమున ఢిల్లీ చేరి, కాశ్మీరీ గేటు వద్దనున్న సెయింట్ స్టీఫెన్స్ కళాశాలలో అధ్యాపకుడాయెను. ఆ దినమును ఆయన తన రెండవ జన్మదినముగా ఎంచుకొనెను. ఆ కాలమున పాలకజాతివారు భారతీయులకు ఎడముగా జీవించుట మర్యాదగా నుండెను. ఆండ్రూస్ ఆ మర్యాదను పాటింపలేదు. పాత ఢిల్లీలోని వృద్ధ విద్వాంసుడగు మున్షీ జకావుల్లాను దర్శించి, కుమారుడు తండ్రియొద్ద వలె ఆయనయొద్ద కూర్చుండి ఆలకించెడివాడు. తోటి అధ్యాపకుడగు సుశీల్ కుమార్ రుద్ర ఆయనకు సహోదరునికంటె సన్నిహితుడాయెను.

కళాశాలకు ప్రధానాచార్యుడు కావలసివచ్చినప్పుడు ఆండ్రూస్‌కు మొదటి పరీక్ష కలిగెను. ఆ పదవిలో ఆంగ్లేయుడే యుండవలెనని కొందరు తలంచిరి. అనుభవమునందు తనకంటె పెద్దయగు రుద్రగారిని దాటి తాను ఆ పీఠమెక్కుట క్రీస్తు మార్గము కాదని ఆండ్రూస్ గట్టిగా నిలిచెను. 1906లో రుద్రగారు ఆ కళాశాలకు ప్రథమ భారతీయ ప్రధానాచార్యుడాయెను. ఆయన నాయకత్వమున కళాశాల వర్ధిల్లెను. సందేహించినవారికి కాలమే జవాబిచ్చెను.

1913వ సంవత్సరాంతమున దక్షిణ ఆఫ్రికాలోని భారతీయుల శ్రమలను గూర్చి గోపాలకృష్ణ గోఖలే దేశమునకు విజ్ఞాపన చేసెను. ఆండ్రూస్ తాను కూడబెట్టినదంతయు ఇచ్చివేసి, అది చాలదనుకొని, మిత్రుడు పియర్సన్‌తో కూడ ఓడ ఎక్కెను. 1914 జనవరిలో దర్బను రేవునందు గాంధీని మొదటిసారి చూచినప్పుడు వంగి ఆయన పాదములు ముట్టెను. తెల్లజాతివాడొకడు భారతీయుని పాదములు ముట్టుట అచ్చటి దొరలకు సహింపరానిదాయెను. ఆ నెలలోనే ఇంగ్లాండునుండి తల్లి మరణవార్త వచ్చెను. కడసారి ఆమె ముఖమును చూచు భాగ్యము ఆయనకు లేకపోయెను. ఎన్నుకొన్న మార్గమునకు ఆయన చెల్లించిన వెలలో ఇది చిన్నది కాదు.

తిరిగివచ్చిన పిమ్మట, అదే సంవత్సరమున, ఢిల్లీ మిషనును విడిచి రవీంద్రనాథ్ ఠాగూరు శాంతినికేతనమున నెలకొల్పిన పాఠశాలకు వెళ్లెను. జీతమును హోదాయు విడిచెను. సంఘ విశ్వాస ప్రమాణములలో కొన్నిటిని గూర్చి మనస్సాక్షి కలవరపడుటచే గురువు పరిచర్యను సహితము మానుకొనెను. ఆయన విశ్వాసమునుండి తొలగిపోయెనని మిత్రులనేకులు దుఃఖించిరి. ప్రభుత్వము ఆయనను అనుమానించెను. ఈ ఆంగ్లేయుని స్నేహము నిజమైనదేనా యని కొందరు భారతీయులును శంకించిరి. రెండు పక్షముల నడుమ ఆయన ఒంటరివాడాయెను.

1915లో ఆయనకు కలరా సోకి మరణద్వారము వరకు పోయి వచ్చెను. సిమ్లాలో కోలుకొనుచున్నప్పుడు, నటాలులో తాను చూచిన దెబ్బలు తిన్న కూలీ ముఖము ఆయన కన్నుల యెదుట నిలిచెను. చూచుచుండగనే అది క్రీస్తు ముఖముగా మారినట్లు ఆయనకు తోచెను. ఇక సందేహింపలేదు. బలహీనత పూర్తిగా తీరకమునుపే పియర్సన్‌తో ఫిజీ దీవులకు ప్రయాణమాయెను.

ఫిజీలోని చెరకు తోటలకు 1879 మొదలుకొని 1916 వరకు అరువది వేలకు పైగా భారతీయులు ఐదేండ్ల ఒప్పందముపై కొనిపోబడిరి. 1903 నుండి మద్రాసు రేవు మీదుగా పోయినవారిలో మన తెలుగువారును ఉండిరి. నూరుగురు పురుషులకు నలువదిమంది స్త్రీలను పంపిన చాలునను నియమమువలన కుటుంబ జీవితము చెడిపోయెను, ఆత్మహత్యలు మెండాయెను. ఆండ్రూస్, పియర్సన్ కూలీల నివాసములకు పోయి, వారి గోడు విని, 1916లో తమ నివేదికను ప్రకటించిరి. దేశమంతట ఆందోళన చెలరేగగా 1917లో కూలీల ఎగుమతి నిలిచిపోయెను. 1920 జనవరి 1వ తేదీన ఫిజీలో మిగిలిన ఒప్పందములన్నియు రద్దాయెను. ప్రజలు ఆయనను దీనబంధు అని పిలిచిరి. బిషప్పులిచ్చు బిరుదులకంటె అది ఆయనకు తగిన బిరుదు.

ఆయనకు సొంత ఇల్లు లేదు, భార్యాబిడ్డలు లేరు. ఎవరైనను మంచి కోటు ఇచ్చినచో అది త్వరలోనే లేనివాని భుజములపై కనబడెడిది. తాను క్రీస్తుకు ఎంత రుణపడితినో తెలుపుచు 1932లో ఒక గ్రంథము ప్రకటించెను. ఆయన విశ్వాసమును శంకించినవారికి ఆ గ్రంథమే ఉత్తరము. కడపటి సంవత్సరములలో విడిచిన గురుపరిచర్యను మరల చేపట్టెను. 1940 ఏప్రిల్ 5వ తేదీన కలకత్తాలో ప్రభువునందు నిద్రించెను. 1971లో, ఆయన శతజయంతి సందర్భమున, భారత ప్రభుత్వము ఆయన పేర తపాలాబిళ్ల విడుదల చేసెను.

ప్రియ చదువరీ, ఎవరును నడువని త్రోవ త్రొక్కుటయే భక్తి కాదు. సాహసముకొరకు సాహసము చేసినవాడు త్వరలో అలసిపోవును. ఆండ్రూస్ క్రొత్త త్రోవలను వెదకలేదు; దీనులలో కనబడిన ప్రభువు వెంట నడచెను. ఆయన నడచిన చోట్లు లోకమునకు వింతగా తోచెను. మనకు భద్రముగా తోచు ఉద్యోగము, ఇల్లు, పేరు వీటిని విడువుమని ప్రభువు అందరిని అడుగడు. కాని ఆయన అడిగినయెడల, నలుగురు ఏమనుకొందురో అను భయము మన పాదములను కట్టివేయకుండునుగాక.