వీధులకు రంగులేసిన పెద్దమనిషి

2011 జనాభా లెక్కలకి మా ఇంటికొచ్చిన టీచరుగారు మావారి ఉద్యోగం గురించి నాలుగు ప్రశ్నలడిగారు. నా దగ్గరకొచ్చేసరికి ఏమీ అడక్కుండానే ఇంటిపని అని రాసేసుకున్నారు. అంటే లెక్కల్లో నేను పని చెయ్యనివాళ్ల కింద లెక్కట! అప్పటికే పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి, పరిగెత్తాను. మనుషుల్ని ఇలా గళ్లల్లో సర్దిన పెద్దలెవరా అని ఆ ఉక్రోషంతో చదువుతుంటే చార్లెస్ బూత్ తగిలాడు.

1840లో ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో ధాన్యం వ్యాపారి ఇంట పుట్టాడాయన. అన్నతో కలిసి తోళ్ల వ్యాపారం, ఓడల కంపెనీ పెట్టి బాగా గడించాడు. 1871లో మేరీని పెళ్లి చేసుకున్నాడు. మన దేశంలో ఇంగ్లీషు చదువు పెట్టించిన మెకాలే లేడూ, ఆయన తమ్ముడి కూతురే ఈవిడ.

1886లో బూత్ పాత జనాభా లెక్కలు ముందేసుకుని ఎవరెవరు ఏ పని చేస్తున్నారో చూడబోయాడు. ఒకసారి ఒక వృత్తి కింద రాసినవాళ్లని ఇంకోసారి వేరే దాని కింద రాశారు. పోల్చడానికి కుదరదు. 1881 లెక్కల్లోనయితే ఇంటి ఇల్లాళ్లని పనిలేనివాళ్ల తరగతిలో వేసేశారు. నా ఉక్రోషం ఎంత పాతదో చూశారా!

ఇక లాభం లేదని సొంత డబ్బుతో లండన్ సర్వే మొదలెట్టాడు. బడి పిల్లల వివరాల కోసం గడపగడపకీ తిరిగే ఉద్యోగుల్ని కూర్చోబెట్టి, ఒక్కో ఇంటి గురించీ అడిగి రాయించాడు. జనాన్ని ఎనిమిది తరగతులు చేశాడు. ఎంతొస్తుందని మాత్రమే చూడలేదు, వారంవారం వస్తుందా లేదా అన్నదీ చూశాడు. ఈ సంగతి పట్టుకున్నందుకు మాత్రం ఆయనకి దణ్ణం పెట్టాలి. ఒకరోజు పని దొరికి మూడురోజులు దొరకని ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందో ఆడవాళ్లకి తెలుసు. ఓ మాదిరి కుటుంబానికి వారానికి 18 నుంచి 21 షిల్లింగులొస్తే పేదలు, అదీ లేకపోతే నిరుపేదలు. పటం మీద వీధివీధికీ రంగులేశాడు. ధనికులకి పసుపు, పేదలకి నీలం, అట్టడుగువాళ్లకి నలుపు. ఆ నల్లవీధుల వాళ్లని సగం నేరస్తులన్నట్టు రాయడం నాకు నచ్చలేదు. కానీ అదే మనిషి పేదల ఇళ్లల్లో గది అద్దెకి తీసుకుని, వాళ్లు తిన్నదే తిన్నాడు కూడా.

1889లో మొదటి సంపుటం వచ్చింది. తూర్పు లండన్‌లో నూటికి 35 మంది పేదలేనని తేలింది. ఊరంతా లెక్కేస్తే 30.7. 1903కల్లా పదిహేడు సంపుటాలయ్యాయి. ముసలివాళ్లకి పింఛనివ్వాలని ఆయన పోరగా పోరగా, 1908లో డెబ్బై దాటిన పేదలకి చట్టం వచ్చింది.

ఇంటి తరగతి మాత్రం ఎక్కువగా మగవాడి పనిని బట్టే తేల్చారు. ఆడవాళ్ల పనుల గురించి క్లారా కోలెట్ విడిగా తిరిగి రాసింది. మేరీకి చుట్టమైన బియాట్రిస్ పాటర్ 1888లో మారువేషంలో దర్జీ కొట్లో చేరి ప్యాంట్లు కుట్టింది, ఆ బతుకేమిటో చూద్దామని.

మరి మేరీ? ఇంటినిండా పిల్లలు, వచ్చేపోయేవాళ్లు. వాటి మధ్యనే భర్త రాసినవి చదివి, దిద్ది, వాదించి, తిరిగి రాయించేది. సంపుటాల మీద ఆవిడ పేరు లేదు. బూత్ 1916లో పోయాక, 1918లో ఆయన జీవితచరిత్ర ఆవిడే రాసింది.