యోధుడు, గృహస్థుడు: గారిబాల్డి

స్వదేశ స్వాతంత్ర్యమునకై ఖడ్గము పట్టిన వీరులు చరిత్రలో పెక్కురు కలరు. గెలిచిన రాజ్యమును మరియొకరి చేత నుంచి, విత్తనముల మూటతో ఇంటికి మరలినవారు మిక్కిలి అరుదు. అట్టివారిలో ఇటలీ వీరుడగు జుసెప్పె గారిబాల్డి అగ్రగణ్యుడు.

ఇతడు 1807వ సంవత్సరము జూలై 4వ తేదీన నీస్ పట్టణమున జన్మించెను. తండ్రి దొమెనికో చిన్న ఓడలో తీరమువెంబడి సరకులు చేరవేయుచు జీవించువాడు. తల్లి రోజా దైవభక్తి గల ఇల్లాలు. కుమారుడును చిన్ననాటనే ఓడపనిలో ప్రవేశించి, 1832 నాటికి నౌకాధిపతి యయ్యెను. ఆనాడు ఇటలీ ఏకరాజ్యము కాదు. ఉత్తరమున ఆస్ట్రియా, నడుమ పోపు, దక్షిణమున నేపుల్సు రాజు ఏలుచుండిరి. దేశమంతయు నొకటి కావలెనని మాజినీ స్థాపించిన యువ ఇటలీ సంఘమున గారిబాల్డి చేరెను. 1834లో జెనోవా తిరుగుబాటు విఫలమై, అతనికి మరణశిక్ష విధింపబడెను. అతడు తప్పించుకొని దక్షిణ అమెరికా చేరెను.

అచ్చట బ్రెజిలు చక్రవర్తిపై తిరుగబడిన రియోగ్రాండి ప్రజల పక్షమున పోరాడుచు, 1839లో లగూనా రేవున అనీటా యను యువతిని చూచెను. ఆమె అతనితో ఓడ నెక్కి, నాటినుండి యుద్ధములందును తోడుగ నిలిచెను. 1840లో వారికి మెనోట్టి పుట్టెను. కొలదిదినములకే శత్రువులు ఇల్లు చుట్టుముట్టగా, పచ్చిబాలింతయగు అనీటా బిడ్డ నెత్తుకొని గుఱ్ఱమెక్కి అడవిలోనికి పారిపోయెను. పిమ్మట సేన కొండలు దాటి వెనుదీయునపుడు, తండ్రి ఆ పసికందును మెడకు కట్టిన గుడ్డలో నుంచుకొని, తన యూపిరితో వెచ్చజేయుచు నడచెను.

1842లో మాంటెవీడియో నగరమున వారి వివాహము జరిగెను. గారిబాల్డి గణితము బోధించియు, చిల్లర వర్తకము చేసియు కుటుంబమును పోషించెను. ఇటాలియను దళమునకు నాయకుడై నగరమును కాపాడినను ధనము కూడబెట్టలేదు. రోజీటా యను కుమార్తె పసితనముననే మరణించెను. తెరెసీటా, రిచ్చియోట్టి తరువాత పుట్టిరి. మెనోట్టి, రిచ్చియోట్టి యను పేర్లు ఇటలీకొరకు ప్రాణము లర్పించిన ఇరువురు దేశభక్తులవి.

1848లో అతడు స్వదేశమునకు వచ్చెను. మరుసటి యేడు రోములో ప్రజాప్రభుత్వ మేర్పడగా, పోపుకు తోడుగ వచ్చిన ఫ్రెంచి సేనలను ఎదిర్చెను. గర్భవతియగు అనీటా పిల్లలను నీసులో విడిచి భర్తను చేరుకొనెను. రోము పడిపోయిన పిదప ఆస్ట్రియా సేనలు వెంటాడుచుండ, ఆగస్టు 4వ తేదీన రవెన్నా సమీపమున మండ్రియోలె పల్లెలోని యొక రైతు ఇంట ఆమె కన్నుమూసెను. భార్యను తన చేతులతో పూడ్చిపెట్టుటకైన అతనికి వ్యవధి లేకపోయెను. నీసులో తల్లిని, పిల్లలను ఒకమారు చూచి మరల ప్రవాసమునకు పోయెను. న్యూయార్కులో కొవ్వొత్తుల కర్మాగారమున పనిచేసెను; ఓడ నడుపుచు పెరూ, చైనాలవరకు పోయెను. 1852లో తల్లి గతించినపుడును దూరముననే యుండెను. 1859లో అనీటా అస్థికలను నీసునకు తెప్పించి తల్లి చెంత నుంచెను.

సోదరుడు విడిచిన ఆస్తితో 1855 చివర కప్రేరా ద్వీపములో సగము కొని, ఆ రాతినేలపై ఇల్లు కట్టుకొనెను. 1860 మే నెలలో అచ్చటి సేద్యమును విడిచి, వేయిమందికి కొంచె మధికులగు స్వచ్ఛందసైనికులతో సిసిలీకి తరలెను. మెనోట్టియు వారిలో నుండి కలతఫీమి యుద్ధమున గాయపడెను. సెప్టెంబరు 7వ తేదీన గారిబాల్డి నేపుల్సు ప్రవేశించెను. గెలిచిన దక్షిణరాజ్యమును రాజగు విక్టర్ ఇమ్మాన్యుయేలున కప్పగించి, బిరుదములను సంపదలను నిరాకరించి, నవంబరులో విత్తనముల మూటతో కప్రేరాకు మరలెను. ఆ యేడే నీస్ ఫ్రాన్సున కీయబడెను. ఇటలీ నేకము చేసినవానికి కన్నయూరు పరదేశమయ్యెను.

రోమును విడిపింపవలెనను తొందరచే 1862లో రాజాజ్ఞను మీరి బయలుదేరి, అస్ప్రొమోంటెలో ఇటలీ సైనికుల తుపాకిగుండుచేతనే పాదమున గాయపడెను. 1867లో మెంటానాలో మరల నోడెను. అయినను, తనను రోములో నోడించి, తన యూరును పుచ్చుకొనిన ఫ్రాన్సు 1870లో జర్మనులచే ఓడి ప్రజారాజ్యము కాగా, కీళ్ళవాతముతో నడువలేని 63వ యేట కుమారు లిరువురితో దానికి సాయపడబోయెను. ఆ యుద్ధమున రిచ్చియోట్టి దళమునకు శత్రుపతాక మొకటి చిక్కెను. జాతిపై ద్వేషముంచక అన్యాయమునే ద్వేషించుట గారిబాల్డి స్వభావము.

గృహజీవితమున అతడు నిర్దోషి యని చెప్పరాదు. 1860లో తొందరపడి జుసెప్పీనా యను యువతిని పెండ్లాడి, ఆనాడే విడిచెను. ఆ బంధము 1880లో రద్దగువరకు, తన బిడ్డల తల్లియగు ఫ్రాంచెస్కాను ధర్మపత్నిగ స్వీకరింప వీలులేకపోయెను. 1867లో క్లేలియా పుట్టినపుడు తండ్రి ఇంటిముంగిట నొక పైను మొక్క నాటెను. ఆ బిడ్డయు, తమ్ముడు మాన్లియోయు పెరుగుచుండ చూచుచు, 1882 జూన్ 2వ తేదీన, 74వ యేట, కప్రేరాలోనే గారిబాల్డి తనువు చాలించెను. తన దేహమును దహనము చేయవలెనని కోరియుండెను. దేశము ఆ కోర్కె చెల్లింపక సమాధి చేసెను.

దేశ మతని భార్యను, జన్మస్థలమును, దేహపటుత్వమును పుచ్చుకొనెను. అతడు దేశమునుండి ప్రతిఫల మడుగలేదు. విజయమునందు విరక్తి, ఓటమియందు ధైర్యము, ముదిమియందు శ్రమ అతని జీవితము నేర్పు పాఠములు. యువజను లీ చరిత్రను చదువునపుడు, ఖడ్గముతోపాటు ఆ విత్తనముల మూటనుగూడ స్మరింపవలెను.